పసిబిడ్డల యాపత్కాల పరిచర్య

మా యనకాపల్లి బెల్లమునకు పేరుపొందిన పట్టణము. చెఱకురసము పెనములో కాగి పాకమునకు వచ్చువేళ దానిని కనిపెట్టి దింపువాని నేర్పు ఈ ప్రాంతమువా రందఱు నెఱుగుదురు. కొంచెము ముందైన నది ముద్ద కట్టదు. కొంచెము వెనుకైన మాడిపోవును. అందుచేత నా పనివాడు పొయ్యి యొద్దనుండి కదలడు. ఎవరు పిలిచినను తల త్రిప్పడు. ఒక పెనము బెల్లము చెడకుండుటకై మనవారు చూపు జాగ్రత్త యిట్టిది. ఒక బిడ్డ ప్రాణము నిలుపుటకై యింత జాగ్రత్తను చూపుచున్నామా యని యెవరికి వారు ప్రశ్నించుకొనవలసి యున్నది.

కొన్ని యేండ్ల క్రిందట వ్యాజ్యము నిమిత్తమై మా కచేరికి వచ్చిన యొక రైతు, పని ముగిసినను లేవక కూర్చుండి, తన యెనిమిదినెలల బిడ్డ పోయిన సంగతి చెప్పెను. బిడ్డకు నీళ్ల విరేచనములు పట్టినవి. నీరు త్రాగించిన విరేచనము హెచ్చునని పెద్దలు పాలును నీళ్లును మాన్పించిరి. మొదటి దినమున దిష్టి తీసిరి; రెండవ దినమున తాయెత్తు గట్టించిరి; మూడవ దినము రాత్రి బిడ్డ కన్నులు గుంటలు పడినవి; తెల్లవాఱిన పిమ్మట వైద్యశాలకు బయలుదేఱిరి; బిడ్డ దారిలోనే పోయెను. ఆతడు మంత్రగానిని నిందింపలేదు, దైవమును నిందింపలేదు. "నీళ్లియ్యమని మాకెవులూ సెప్పనేదు బాబూ" అని మాత్ర మనెను. చదువుకొన్న మనమందఱము ఆ మాటకు ఉత్తరవాదులము. ఈ పాఠమును వ్రాయుటకు ఆ మాటయే కారణము.

భారతదేశమున 1971వ సంవత్సరమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది యేడాది నిండకమునుపే మరణించుచుండిరి. 2020వ సంవత్సరమున ఆ సంఖ్య 28కి దిగెను. ఆంధ్రప్రదేశమున 24కి దిగెను. ఇది సామాన్యమైన యభివృద్ధి కాదు. ఐనను పోవుచున్న బిడ్డలలో పెక్కుమంది మందు లేక పోవుటలేదు. మందు చేరులోపల పోవుచున్నారు. ఆ నడిమి కాలమున తల్లిదండ్రులు చేయవలసినది యేమి, చేయరానిది యేమి యను విషయమే యీ పాఠమునకు వస్తువు. ఇది వైద్యునకు మాఱు కాదు. వైద్యుని చెంతకు బిడ్డను ప్రాణముతో చేర్చు మార్గము మాత్రమే.

1. ఆలస్యము మూడు విధములు

ప్రసవకాలమున తల్లులు మరణించుటకు గల కారణములను విచారించి, 1994లో తాడియస్, మెయిన్ అను నిరువురు పండితురాండ్రు ఆలస్యమును మూడు విధములుగా విభజించిరి. ఇంటివారు పోవుదమని నిశ్చయించుకొనుటలో ఆలస్యము మొదటిది. దారిలో ఆలస్యము రెండవది. వైద్యశాల చేరిన పిమ్మట చికిత్స దొరకుటలో ఆలస్యము మూడవది. ఈ విభాగము తల్లులకేగాక బిడ్డలకును అన్వయించును.

దారి, వైద్యశాల యను రెండింటి లోపములను తీర్చుట ప్రభుత్వముయొక్క విధి. మొదటి యాలస్యము మాత్రము మన యింటిలోనిది. 2024 ఆగస్టులో మన జిల్లాలోనే, కోటవురట్ల మండలమందలి కైలాసపట్నమున, ఒక వసతిగృహమునందున్న గిరిజన బాలబాలికలు చెడిన యాహారము భుజించి వాంతులతోను విరేచనములతోను పడిరి; వారిలో కొందఱు మరణించిరి. తప్పెవరిదను విచారణ అధికారుల పని. మనము నేర్చుకొనవలసిన దేమనగా, ఒకచోట భుజించిన పలువురు బిడ్డలు ఒక్కమాఱుగా వాంతులు చేసికొనునప్పుడు దానిని అజీర్ణమని తలచి యిండ్లకు పంపరాదు. పంపినను ఇంటివారు తెల్లవాఱువఱకు వేచియుండరాదు. పెద్దవాని దేహమున నీరు కొంత తగ్గినను నిలుచును. చిన్నబిడ్డ దేహమున అంతే తగ్గినచో కొన్ని గంటలలోనే ప్రాణాపాయము.

2. అపాయచిహ్నములు

రెండు నెలలు మొదలు అయిదేండ్లవఱకు గల బిడ్డలయందు నాలుగు చిహ్నములను అందఱును కంఠస్థము చేయవలయును. పాలుగాని నీరుగాని త్రాగలేకపోవుట, త్రాగినదెల్లను కక్కివేయుట, మూర్ఛ వచ్చుట, పిలిచిన పలుకక మత్తుగా పడియుండుట. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి కనబడినను వ్యాధి యేదని విచారించు పని మనది కాదు. వెంటనే వైద్యశాలకు బయలుదేఱవలయును.

ఊపిరిని లెక్కించుట అందఱును నేర్వదగిన పని. బిడ్డ యేడువక నెమ్మదిగా నున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు, నిండు నిమిషము పొట్ట యెన్నిమాఱు లెగయునో లెక్కింపవలయును. రెండు నెలలలోపు బిడ్డకు 60గాని అంతకు మించిగాని, రెండు మొదలు పండ్రెండు నెలలలోపు బిడ్డకు 50గాని అంతకు మించిగాని, ఏడాది మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు 40గాని అంతకు మించిగాని యున్నచో అది వేగిరపు ఊపిరి. ఊపిరి తీయునప్పుడు ఱొమ్ము క్రిందిభాగము లోనికి పోవుటను మనవారు "డొక్క లెగురుట" యందురు. అట్టి బిడ్డకు ఛాతీపై కర్పూరము పూయుచు కాలము పుచ్చరాదు. అది ఊపిరితిత్తుల వాపై యుండవచ్చును. దానికి వైద్యుడిచ్చు మందు కావలయును.

రెండు నెలలు నిండని శిశువు విషయమున జాగ్రత్త ఇబ్బడిగా నుండవలయును. అట్టి శిశువునకు జ్వరము వచ్చినను, దేహము చల్లబడినను, పాలు త్రాగుట మానినను, కదపినగాని కదలకున్నను, అది యాపదయే. ఇంటిలో నొక థర్మామీటరు ఉండుట మేలు. చంకలో నుంచినప్పుడు 36.5 మొదలు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు ఉండుట శిశువునకు సహజము. అంతకు హెచ్చినను తగ్గినను ఉపేక్షింపరాదు. పసిబిడ్డకు చలి జ్వరమంత కీడు చేయునని మనవారిలో పెక్కుమంది యెఱుగరు.

3. అప్పుడే పుట్టిన బిడ్డ

కాన్పు వైద్యశాలలోనే జరుగవలయును. ఐనను దారిలోనో యింటిలోనో హఠాత్తుగా కాన్పైనచో, మొదటి పని బిడ్డను శుభ్రమైన పొడిగుడ్డతో తుడుచుట. తడి యారుచున్నకొలది బిడ్డ దేహమునందలి వేడి పోవును. తుడిచిన పిమ్మట ఆ తడిగుడ్డను తీసివేసి, బిడ్డను తల్లి ఱొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు పరుండబెట్టి, ఇద్దఱిపైని పొడిదుప్పటి కప్పి, బిడ్డ తలకు టోపీ పెట్టవలయును. బిడ్డ యేడువకున్నచో తలక్రిందులుగా వ్రేలాడదీసి కొట్టుట మోటుపని. తుడుచుచు వీపును మృదువుగా రుద్దిన చాలమంది శిశువులు ఊపిరి తీయుదురు. అప్పటికిని తీయనిచో శిక్షణ పొందినవారు సంచియు ముసుగును గల సాధనముతో ఊపిరి నందింపవలయును. దానికి గల కాలము ఒక నిమిషము. కాన్పు వైద్యశాలలో జరుగవలయు నని పట్టుపట్టుటకు ముఖ్యకారణ మిదియే.

తల్లి చర్మపు వేడియే శిశువునకు మేలైన రక్షణమని లోకమునకు చాటినది దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశము. ఆ దేశపు రాజధానియగు బొగోటాలో 1978వ సంవత్సరమున ఎడ్గార్ రే యను వైద్యుడు, వేడిపెట్టెలు చాలనందున, నెలలు నిండక పుట్టిన శిశువులను తల్లుల ఱొమ్ములకు గట్టి కాపాడుట ఆరంభించెను. కంగారూ తల్లి సంరక్షణ యని పేరొందిన యా పద్ధతి నేడు లోకమంతటను వైద్యుల యంగీకారము పొందినది. వైద్యశాలకు గొనిపోవు దారిలోను పసికందును ఈ రీతినే పట్టుకొనవలయును.

తల్లిపాలు గంటలోపల పట్టింపవలయును. మొదటి చిక్కనిపాలు చెడుపాలని పిండి పాఱబోయుట, బిడ్డకు వచ్చిన రక్షణధనమును తల్లిచేతనే పాఱబోయించుట. తేనె నాకించుట, ఆముదము పోయుట, చక్కెరనీళ్లు పట్టుట వలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె యిచ్చినచో, అందు దాగియుండు సూక్ష్మజీవుల బీజములవలన నరములు పట్టుదప్పు వ్యాధి కలుగవచ్చును. బొడ్డుపై బూడిద, పసుపు, పేడ మొదలైనవి పూయరాదు; పొడిగా విడిచిపెట్టవలయును. ముక్కులోను చెవిలోను నూనె పోయరాదు. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి దిగి వాపు పుట్టించును. మొదటిదినమున స్నానము చేయింపరాదు. సాంబ్రాణి పొగ పసిబిడ్డ యూపిరికి శత్రువు. పురిటిగదిని మైల యను పేర చీకటికొట్టుగా చేయుట తల్లికిని బిడ్డకును హాని.

4. నీళ్ల విరేచనములు

ఆ రైతు బిడ్డను చంపినది విరేచనము కాదు, దాహము. పోయిన నీటిని, ఉప్పును మరల నిచ్చినచో బిడ్డ బ్రతుకును. ప్రేగులలో చక్కెర తోడున్నప్పుడు ఉప్పు, నీరు దేహములోనికి పీల్చుకొనబడును. ఈ సూత్రముమీదనే ఓ.ఆర్.ఎస్. పొడి యేర్పడినది. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగినప్పుడు, నరములోనికెక్కించు సెలైను చాలక, దిలీప్ మహలనాబిస్ అను వైద్యుడు ఉప్పు చక్కెరలు కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి సుమారు 30 మంది మరణించుచుండిన వ్యాధిలో మరణములు నూటికి నాలుగుకంటె తక్కువకు దిగినవి. ఆతడు 2022లో కీర్తిశేషుడయ్యెను. మఱుసటి యేట పద్మవిభూషణ బిరుదము లభించెను.

మన యూరివారికి ప్రియము కలిగించు సంగతి యింకొకటి కలదు. బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థ 1980 మొదలు పదియేండ్లపాటు ఇల్లిల్లు తిరిగి కోటికి పైగా గృహములలోని తల్లులకు నేర్పినది మఱేమియు కాదు. మూడువ్రేళ్ల చిటికెడు ఉప్పును పిడికెడు బెల్లమును అరసేరు నీటిలో కలుపుట. బెల్లమునకు బేరుపొందిన మన సీమలో బిడ్డలు ఆ నీరు లేక పోవుటకంటె విచారకరమైన దేమున్నది?

నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లము ప్రతి యాశా కార్యకర్త యొద్దను, ప్రతి మందులయంగడిలోను దొరకును గనుక అదియే మొదట వాడదగినది. పొట్లముమీద వ్రాసిన కొలతప్రకార మే, సాధారణముగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో, పొట్లమంతయు ఒక్కమాఱు కలుపవలయును. సగము పొట్లము సగము నీటిలో కలుపుట, పాలలో కలుపుట తప్పు. పొట్లము దొరకనిచో లీటరు నీటికి ఆఱు చదును చిన్నచెంచాల చక్కెర, అర చదును చిన్నచెంచా ఉప్పు. ఉప్పు హెచ్చుట హాని. కన్నీటికంటె ఉప్పగా నుండరాదు. కలిపిన నీటిని ఇరువదినాలుగు గంటలకు పిమ్మట పాఱబోయవలయును.

రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దబిడ్డకు 100 మొదలు 200 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టవలయును. వాంతియైనచో పది నిమిషము లాగి మరల మెల్లగా పట్టవలయును. తల్లిపాలు మాన్పరాదు. అన్నము మానిన బిడ్డకు బలముకూడ పోవును; ఆఱు నెలలు దాటిన బిడ్డకు ఉప్పు వేసిన గంజియు, మజ్జిగయు, మెత్తని యన్నమును ఈయవచ్చును. వీనితోపాటు జింకు బిళ్లలు పదునాలుగు దినములు ఈయవలయును; ఆఱు నెలలలోపు బిడ్డకు దినమునకు 10 మిల్లీగ్రాములు, పైబిడ్డకు 20. కన్నులు గుంటపడుట, పొట్టచర్మము గిల్లి విడిచిన మెల్లగా వెనుకకు పోవుట, మత్తు, త్రాగలేకపోవుట, మలములో రక్తము కనబడెనా, ఇంటివైద్య మంతటితో ముగిసినట్లు. దారిపొడవునను చెంచాతో పట్టుచునే వైద్యశాలకు పోవలయును.

5. జ్వరము, మూర్ఛ

ఆఱు నెలలు మొదలు అయిదేండ్లవఱకు గల బిడ్డలలో కొందఱికి జ్వరము హెచ్చినప్పుడు మూర్ఛ వచ్చును. కన్నులు తేలవేసి, కాలుసేతులు కొట్టుకొను బిడ్డను చూచి తల్లి బెదరుట సహజము. కాని ఆ సమయమున మనవారు చేయు పనులు మూర్ఛకంటె హెచ్చు కీడు చేయుచున్నవి. దౌడల నడుమ చెంచా దూర్తురు, పండ్లు విఱుగును. నోట నీళ్లు పోయుదురు. అవి ఊపిరితిత్తులలోనికి పోవును. తాళపుచెవులు చేత బెట్టుదురు. ఉల్లిపాయ వాసన చూపుదురు. అన్నిటికంటె ఘోరమైనది, బాలగ్రహమని చెప్పి కాల్చిన యినుముతో వాత పెట్టుట. నోరులేని బిడ్డను కాల్చుట వైద్యము కాదు, నేరము. పూర్వులనుండి వచ్చిన యాచారమను నెపము న్యాయస్థానమున చెల్లదు.

చేయవలసినది స్వల్పము. బిడ్డను గట్టిగా పట్టుకొనక, నేలమీద మెత్తని గుడ్డపై ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలయును. మెడచుట్టు బట్ట వదులు చేయవలయును. నోటిలో ఏమియు పెట్టరాదు. గడియారము చూడవలయును. పెక్కు మూర్ఛలు అయిదు నిమిషములలోపల తమంతట శమించును. అయిదు నిమిషములు దాటినను, మరల వచ్చినను, మెలకువ రాకున్నను తక్షణము వాహనమును పిలువవలయును. మొదటి మూర్ఛ యెంత చిన్నదైనను ఆ దినముననే వైద్యునకు చూపవలయును. అది మెదడువాపు కావచ్చును.

జ్వరమునకు పారాసెటమాలు బిడ్డ బరువునుబట్టి, కిలోకు 10 మొదలు 15 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు గంటల కొకసారికంటె దగ్గఱగా గాక, దినమునకు నాలుగుసార్లు మించక ఈయవచ్చును. ఆస్పిరిను బిడ్డలకు ఈయరాదు. చన్నీళ్లు క్రుమ్మరించుటయు, దుప్పట్లు కప్పి చెమట పట్టించుటయు రెండును తప్పే.

6. గొంతున నడ్డము పడుట

చింతపిక్క, వేరుసెనగ గింజ, పోకచెక్క, చొక్కా గుండీ, నాణెము, ఇవి ప్రాకు బిడ్డకు మృత్యుసమానములు. దగ్గుచున్న బిడ్డను దగ్గనీయవలయును. దగ్గే మేలైన మందు. శబ్దము రాక, ఊపిరి యాడక, ముఖము నల్లబడినచో వెంటనే పూనుకొనవలయును. ఏడాదిలోపు శిశువును ముంజేతిపై బోరగిల, తల క్రిందికుండునట్లు పరుండబెట్టి, తలను చేత నానించి, రెండు ఱెక్కల నడుమ వీపుపై అయిదు దెబ్బలు కొట్టవలయును. వస్తువు రాకున్నచో వెలకిల త్రిప్పి, ఱొమ్ము నడిమి యెముకపై మణికట్టు చెంతనున్న యరచేతి భాగముతో అయిదుమాఱులు నొక్కవలయును. వస్తువు వచ్చువఱకు రెంటిని మార్చిమార్చి చేయవలయును. ఏడాది దాటిన బిడ్డకు వీపుపై అయిదు దెబ్బలు కొట్టి, పిమ్మట వెనుకనుండి పట్టుకొని, బొడ్డునకు కొంచెము పైని పిడికిలి నుంచి, లోనికిని పైకిని అయిదుమాఱులు గుంజవలయును. శిశువు పొట్టను ఎన్నడును గుంజరాదు. కనబడని వస్తువుకై నోట వ్రేలుపెట్టి వెదకిన నది మఱింత లోనికి పోవును. బిడ్డ తెలివి తప్పినచో క్రింద చెప్పబోవు ఊపిరి నూదుట, ఱొమ్ము నొక్కుట ఆరంభింపవలయును.

7. కాలుట

ఈ సీమలో చెఱకు గానుగాడు దినములలో పిల్లలు పొయ్యిచుట్టు మూగుట వాడుక. మరగు పాకము నీటికంటె హెచ్చు వేడి గలది. దేహమున కంటుకొని వేడిని విడువదు. కావున పెనమునకు పదియడుగుల దూరమున గీత గీసి దానిని దాటి బిడ్డ రాగూడదని ప్రతి యజమానియు కట్టడి చేయవలయును. ఇంటిలో గంజి వార్చుచోటును, సారు గిన్నె దింపుచోటును అట్టివే.

కాలినచో మొదటి మందు నీరు. ప్రవహించు చల్లని మంచినీటిని కాలినచోట ఇరువది నిమిషములు పోయవలయును. కొళాయి లేనిచో చెంబుతో పోయుచునే యుండవలయును. నగలు, బిగువు బట్టలు వాపు రాకమునుపే తీయవలయును. అంటుకొన్న బట్టనుగాని పాకమునుగాని పెఱుకరాదు. మంచుగడ్డ, సిరా, పండ్లపొడి ముద్ద, పిండి, పసుపు, నూనె ఇవి యేవియు పూయరాదు. నీరు పోసిన పిమ్మట ఉతికిన పలుచని గుడ్డ వదులుగా కప్పి, మిగిలిన దేహమును వెచ్చగా నుంచి, వైద్యశాలకు పోవలయును. ముఖము, చేతులు, కీళ్లు, మర్మస్థానములు కాలినచో గాయము చిన్నదైనను చూపవలయును.

8. నీట మునుగుట

శారదానది, ఊరచెఱువులు, గట్టులేని నూతులు, ఇంటిముంగిట నీళ్లతొట్టి, ఇవియన్నియు బిడ్డలను మ్రింగునవే. రెండేండ్లలోపు బిడ్డకు జానెడు నీరు చాలును. పైకి దీసిన బిడ్డను తలక్రిందులుగా త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట కాలము పోగొట్టు పనులు. ఊపిరి లేనిచో మొదట ఊపిరి నూదవలయును. తల కొంచెము వెనుకకు వంచి, గడ్డ మెత్తి, శిశువైన నోటిని ముక్కును కలిపి, పెద్దబిడ్డయైన ముక్కు మూసి నోటిలోనికి, ఱొమ్ము లేచునంతమాత్రము ఊదవలయును. పిమ్మట ఱొమ్ము నడుమ దాని లోతులో మూడవవంతు దిగునట్లు నిమిషమునకు 100 మొదలు 120 సార్ల వేగమున నొక్కవలయును. ముప్పదిమాఱులు నొక్కి రెండుమాఱులు ఊదుచు, సహాయము వచ్చువఱకు మానరాదు. పుస్తకము చదివి మాత్రమే ఈ పనిని నేర్వలేము. ప్రతి గ్రామమునను నలుగురైనను బొమ్మపై అభ్యసింపవలయును.

9. విషము, కాటు

శీతలపానీయపు సీసాలో కిరసనాయిలు, పురుగులమందు పోసి యుంచుట బిడ్డ చేతికి విషము నిచ్చుటయే. బిడ్డ కిరసనాయిలు త్రాగినచో కక్కింపరాదు. కక్కునప్పుడు అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఉప్పునీళ్లు పోయరాదు. సీసానుకూడ వెంట గొనిపోవలయును.

పాము కఱచినచో కోయుట, పీల్చుట, త్రాడు బిగించుట, పసరు పోయుట మానవలయును. కఱచిన యవయవమును కదలకుండ కఱ్ఱబద్ద కట్టి, బిడ్డను నడిపింపక యెత్తుకొని, విషహరమగు సూది గల వైద్యశాలకు పోవలయును. కట్లపాము రాత్రి నేలపై నిద్రించు బిడ్డను కఱచునప్పుడు నొప్పియు గుర్తును కనబడకపోవచ్చును. తెల్లవాఱుజామున కడుపునొప్పి, కనుఱెప్పలు వ్రాలుట కనబడినచో కాటును అనుమానింపవలయును. ఎఱ్ఱతేలు పెద్దవానికి బాధ మాత్రము కలిగింప, బిడ్డకు గుండెను చెఱచును. చెమటలు, వాంతి, చేతులు చల్లబడుట ప్రమాదచిహ్నములు. మహారాష్ట్రమందలి మహాడ్ గ్రామసీమలో హిమ్మతరావు బావస్కర్ అను వైద్యుడు ప్రజోసిన్ అను మందుచే ఇట్టి రోగులను కాపాడవచ్చునని 1980వ దశకమున నిరూపించెను. మంత్రము వేయించుచు గంటలు గడపినచో ఆ మందు వలని ఫలము తగ్గును.

కుక్క కఱచినచోట సున్నము, కారము పెట్టక, సబ్బుతో పాఱునీటిలో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే టీకా యారంభింపవలయును. 1885 జులైలో పాస్టరు పండితుడు తన పిచ్చికుక్క టీకాను మొదట వేయించినది తొమ్మిదేండ్ల బాలునికే. నాటినుండి ఈ మరణము నివారింపదగినది. నేటికిని అది సంభవించుట మన యుపేక్ష.

10. దారియు, చట్టమును

2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 వాహనమును పిలుచుటకు రుసుము లేదు. పిలుచునప్పుడు ఊరు, గుర్తు, బిడ్డ వయస్సు, కనబడు చిహ్నము స్పష్టముగా చెప్పవలయును. పట్టణమున ప్రభుత్వ వైద్యశాల కలదు. అంతకు మించిన చికిత్సకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున విశాఖపట్టణమునందు 1923లో వెలసిన కింగు జార్జి వైద్యశాల కలదు. ఏ బిడ్డ నెచ్చటికి పంపవలయునో వైద్యుడు నిర్ణయించును. మనము మాత్రము దగ్గఱనున్న చోట మొదట చూపి, చీటీ వ్రాయించుకొని పోవలయును. 2011లో ఏర్పడిన జననీ శిశు సురక్షా కార్యక్రమము ననుసరించి ప్రభుత్వ వైద్యశాలలో జబ్బుపడిన పసిబిడ్డలకు చికిత్సయు, మందులును, రాకపోకల వాహనమును ఉచితములు.

న్యాయవాద వృత్తియందున్న మేము మూడు సంగతులు చెప్పవలసి యున్నది. 1989లో పరమానంద్ కటారా వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు, ఆపదలోనున్న ప్రాణిని కాపాడుట ప్రభుత్వ వైద్యునకును ప్రైవేటు వైద్యునకును ప్రథమధర్మమనియు, పోలీసు తంతులు తరువాతి వనియు తీర్మానించిరి. 1996లో పశ్చిమ బంగాళమునుండి వచ్చిన వ్యాజ్యమున, ప్రభుత్వ వైద్యశాల సకాలమున చికిత్స చేయకుండుట రాజ్యాంగమందలి 21వ యధికరణమున చెప్పిన జీవనహక్కునకు భంగమని తీర్పు చెప్పిరి. ఇక త్రోవలో వాహనము తగిలి పడిన బిడ్డను ఎత్తుకొనిపోయిన బాటసారిని చట్టము బాధింపదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన నియమములును, 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చిన 134ఏ ప్రకరణమును అట్టి పరోపకారిని రక్షించుచున్నవి. "సాక్ష్యమునకు పిలుతురేమో" యను భయముతో బిడ్డను రోడ్డుమీద విడిచిపోవువారు ఇక నా భయమును విడువవచ్చును.

11. ఇది యెవరికి సాధ్యము?

చదువులేని పల్లెటూరి స్త్రీలకు ఇవి యెట్లు తెలియునని కొందఱందురు. మహారాష్ట్రమందలి గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామస్త్రీలకే శిక్షణ యిచ్చి, ఇంటింట నవజాత శిశువులను చూపించిరి. వైద్యశాలకు పోవు నలవాటు లేని యా పల్లెలలో నవజాత శిశుమరణములు నూటికి 62 వంతులు తగ్గినట్లు 1999లో లాన్సెట్ పత్రికయందు ప్రకటింపబడెను. నేడు దేశమంతట ఆశా కార్యకర్తలు పసిబిడ్డల యిండ్లకు పోవుట దాని ఫలమే. కావున అసాధ్యమనుట సోమరితనము. మన వాడలోనికి వచ్చు ఆశా కార్యకర్తను గడపలో నిలువబెట్టక, లోనికి పిలిచి బిడ్డను చూపుట మన కర్తవ్యము. దిష్టి తీయుటవలన కలుగు నూరట తల్లికి. బిడ్డకు కావలసినది నీరు, పాలు, వేడి, ఊపిరి, వైద్యుడు.

ఇంట నుంచుకొనదగినవి: నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లములు, జింకు బిళ్లలు, థర్మామీటరు, వైద్యుడు వ్రాసియిచ్చిన పారాసెటమాలు, ఉతికి మడిచిన తెల్లగుడ్డలు, టీకాల పుస్తకము, తలుపువెనుక పెద్దక్షరములతో వ్రాసిన 108. వీని వెల యంతయు కలిపినను ఒక బారసాల విందులో ఒక పంక్తి వడ్డనకు చాలదు.

ఈ పాఠమును చదివినవారు తమ యింటి స్త్రీలకు వినిపించి, ఈ ప్రశ్నల నడుగుదురు గాక: బిడ్డ ఊపిరి నెట్లు లెక్కింతురు? విరేచనములైన బిడ్డకు నీరెంత యిత్తురు? మూర్ఛ వచ్చినప్పుడు నోటిలో నేమి పెట్టుదురు? కాలినచోట ఎన్ని నిమిషములు నీరు పోయుదురు? మూడవ ప్రశ్నకు "ఏమియు పెట్టము" అని యుత్తరము వచ్చినచో పాఠము వచ్చినట్లే. పురుషులను సైతము అడుగవలయును. బిడ్డ తల్లికి మాత్రమే బిడ్డ కాదు.

"మాకెవులూ సెప్పనేదు" అను మాట మరల మన సీమలో వినబడకుండుగాక. చెప్పవలసినవారము మనమే, చెప్పవలసిన దినము నేడే.